మూసేస్తామని బెదిరిస్తే బడి బాగుపడుతుందా?

ఈ ఏడాది మా బడిలో పెట్టిన వాదన పోటీకి ఇచ్చిన అంశం: "మన తెలుగు బడులు కూడా అమెరికాలోని చార్టర్ బడుల మాదిరి నడవాలి." గెలిచింది "నడవాలి" అన్న జట్టే. బాగా మాట్లాడారు, కాదనను. అయితే వాళ్ళకు ఎక్కువ చప్పట్లు తెచ్చిపెట్టింది ఒక్క మాట: "అక్కడ బడి సరిగ్గా నడవకపోతే మూసేస్తారు. అందుకే టీచర్లూ పిల్లలూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు." ముందు వరసలో కూర్చున్న పెద్దలు కూడా తలలూపారు. ఆ తలూపడం చూశాకే ఇది రాయాలనిపించింది.

మూసేసే అధికారం ఒక్కటే చూసి చార్టర్ చట్టాలను మెచ్చుకునేవాళ్ళు ఆ చట్టాల్లో మిగతా పేజీలు తిప్పలేదని నా వాదన. అందులోనూ హోసూరు వైపు తెలుగు బడిలో చదివే మనం ఆ మాటకు చప్పట్లు కొట్టడం మరీ విడ్డూరం. ఎందుకో చెబుతాను. ముందు చార్టర్ బడి అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు.

అది సర్కారు డబ్బుతో నడిచే బడే. ఫీజు ఉండదు. సీట్ల కన్నా ఎక్కువమంది వస్తే చీట్లు తీసి చేర్చుకుంటారు. కానీ దాన్ని నడిపేది ఊరి విద్యామండలి కాదు. కొందరు టీచర్లో, తల్లిదండ్రులో, ఏదో ఒక సంఘమో నడుపుతారు. వాళ్ళకూ, అనుమతి ఇచ్చే సంస్థకూ మధ్య ఒక ఒప్పందపత్రం ఉంటుంది. చార్టర్ అంటే ఆ పత్రమే. "మామూలు బడులకు పెట్టే నిబంధనల్లో చాలావాటి నుంచి మమ్మల్ని వదిలేయండి, బదులుగా ఇన్నేళ్ళలో పిల్లలకు ఇంత చదువు వచ్చిందని చూపిస్తాం" అన్నది దాని సారం. చూపించలేకపోతే ఒప్పందం రద్దు.

ఈ ఆలోచన ఎవరిదో తెలిస్తే మా వాదన పోటీ జట్టు ఆశ్చర్యపోతుంది. రే బడ్డీ అనే ప్రొఫెసరు రాసిన ఊహను 1988లో దేశమంతటికీ వినిపించిన మనిషి ఆల్బర్ట్ షాంకర్. ఆయన కంపెనీ యజమాని కాదు, టీచర్ల సంఘానికి అధ్యక్షుడు! మామూలు పద్ధతిలో చదువు ఎక్కని పిల్లల కోసం కొందరు టీచర్లు కలిసి కొత్త పద్ధతులు చేసి చూసుకునే వీలు ఉండాలన్నాడు ఆయన. అంటే మొదలు పెట్టింది టీచర్ల మీద నమ్మకంతో. కొన్నేళ్ళకే బడులు నడపడానికి లాభం చూసుకునే కంపెనీలు రావడం చూసి, షాంకరే దీన్ని విమర్శించాడు.

మొట్టమొదటి చట్టం 1991లో మినెసోటా రాష్ట్రంలో వచ్చింది. ఆ చట్టంలో రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. రాష్ట్రం మొత్తానికి ఎనిమిది బడులకు మించి అనుమతి లేదు; చేసి చూద్దాం అన్నట్టు జాగ్రత్తగా అడుగేశారు. రెండోది, బడిని నడిపే కమిటీలో సగం కన్నా ఎక్కువమంది ఆ బడి టీచర్లే ఉండాలి. 1992లో సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ తెరిచారు. అదే మొదటి చార్టర్ బడి. ఎవరి కోసం తెరిచారు? చదువు మధ్యలో మానేసిన పిల్లల కోసం. మార్కులు రాని పిల్లల్ని భయపెట్టడానికి కాదు, అందరూ వదిలేసిన పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టుకోవడానికి.

ఆ తర్వాత 40కి పైగా రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. 2021 నాటికి ఇంచుమించు 37 లక్షలమంది పిల్లలు చార్టర్ బడుల్లో ఉన్నారు. "అమెరికాలో చార్టర్ బడి" అని ఒకటే బడి ఉన్నట్టు మాట్లాడేవాళ్ళకు ఇక్కడ చిక్కు వస్తుంది. పేరు ఒకటే, చట్టాలు వేరు, చట్టాన్ని బట్టి బడులూ వేరు. వర్జీనియా సంగతి చూడండి. అక్కడ 1998 నుంచి చట్టం ఉంది. అయినా పాతికేళ్ళ తర్వాత కూడా రాష్ట్రం మొత్తం మీద పట్టుమని పది బడులు లేవు. కారణం, అనుమతి ఊరి విద్యామండలి చేతుల్లోనే ఉంది. కొత్త బడి వస్తే తన బడికి పిల్లలు తగ్గుతారని తెలిసిన మండలి ఎందుకు సంతకం పెడుతుంది? చట్టం ఉంది, బడి లేదు. అరిజోనా దీనికి పూర్తిగా తలకిందులు. 1994 నాటి ఆ రాష్ట్రపు చట్టం అనుమతులకు విడిగా ఒక బోర్డునే పెట్టింది, ఒప్పందం గడువు ఏకంగా 15 ఏళ్ళు. అక్కడ వందల బడులు లేచాయి. న్యూయార్కులో గడువు ఐదేళ్ళే. కొలరాడోలో ఊరి మండలి కాదంటే రాష్ట్ర బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. మిషిగన్‌లో విశ్వవిద్యాలయాలు కూడా అనుమతి ఇవ్వొచ్చు. అక్కడి బడుల్లో చాలావాటిని నడిపేది లాభం కోసం పనిచేసే కంపెనీలు.

వాషింగ్టన్ రాష్ట్రం కథ ఇంకా తమాషా. మూడుసార్లు ఓటర్లు వద్దన్నారు. 2012లో నాలుగోసారి స్వల్ప తేడాతో సరే అన్నారు. బడులు తెరిచాక, 2015 సెప్టెంబరులో, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని తీర్పు ఇచ్చింది. ప్రజలు ఎన్నుకున్న మండలి అజమాయిషీ లేని బడులకు మామూలు బడుల కోసం కేటాయించిన డబ్బు ఇవ్వకూడదని దాని తర్కం. పిల్లలు అప్పటికి కొత్త తరగతుల్లో కూర్చుని ఉన్నారు. మరుసటి ఏడు లాటరీ ఆదాయం నుంచి డబ్బు ఇచ్చేట్టు కొత్త చట్టం చేసి బడుల్ని నిలబెట్టారు. ఆ మధ్య నెలల్లో అక్కడి పదోతరగతి పిల్ల పుస్తకం తెరిచి ఏమనుకుని ఉంటుందో నేను ఊహించగలను. మన బడి వచ్చే ఏడు ఉంటుందా ఉండదా అన్న మాట వింటూ పెరిగినవాళ్ళం కదా మనం.

సరే, ఇంత చేసి చదువు బాగుపడిందా? స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో ఒక పెద్ద లెక్క తీశారు. గణితంలో చుట్టుపక్కల సర్కారు బడుల కన్నా బాగా ఉన్న చార్టర్ బడులు 17 శాతం, అధ్వానంగా ఉన్నవి 37 శాతం, మిగతావాటిలో తేడా లేదు. వాళ్ళే 2023లో మళ్ళీ తీస్తే సగటున చార్టర్ పిల్లలు కాస్త ముందున్నారు. రెండూ చెప్పాలి, మొదటిది చెప్పి రెండోది దాస్తే నా వాదనకు సిగ్గుచేటు. చెడ్డ బడులు కొన్ని మూతపడడం వల్ల కూడా సగటు పెరిగిందన్నది నిజమే. కానీ సగటు అనేది కాగితం మీద ఉండేది. మూతపడిన బడిలో ఉన్న పిల్ల సగటు కాదు, పిల్ల.

ఒహాయోలో కంప్యూటర్ ద్వారా ఇంట్లో కూర్చోబెట్టి చదివించే పెద్ద చార్టర్ బడి ఒకటి ఉండేది, ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అని. నిజంగా చదువుతున్నవాళ్ళ కన్నా ఎక్కువమందిని లెక్కలో చూపి డబ్బు తీసుకుందని రాష్ట్రం తేల్చి, తిరిగి కట్టమంది. 2018 జనవరిలో, విద్యాసంవత్సరం నడుమ, అది మూతపడింది. ఇంచుమించు 12 వేలమంది పిల్లలు ఇంకో బడి వెతుక్కోవాల్సి వచ్చింది. తప్పు చేసింది నడిపినవాళ్ళు. జనవరి నెలలో సంచీ సర్దుకుంది మాత్రం పిల్లలు. "మూసేస్తారు" అన్న మాటకు చప్పట్లు కొట్టినవాళ్ళు ఈ 12 వేలమందిని ఎక్కడ కూర్చోబెడతారో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బడి బాగుందా లేదా అని కొలిచేది ఎవరు? ఏ భాషలో కొలుస్తారు?

దీనికి జవాబు కావాలంటే హవాయి దీవులకు వెళ్ళాలి. ఒకప్పుడు సొంత రాజ్యం, సొంత రాణి ఉన్న దీవులవి. 1893లో రాణిని దించేశారు. 1896లో బడుల్లో బోధన ఇంగ్లీషులోనే జరగాలని చట్టం చేశారు. హవాయి భాషలో చదువు అక్కడితో ఆగింది. తొంభై ఏళ్ళలో భాష ఏ స్థితికి వచ్చిందంటే, 1980ల మొదట్లో ఆ భాష ఇంట్లో పుట్టుకతో మాట్లాడే పిల్లలు 50 మంది కూడా లేరు. అప్పుడు కొందరు తల్లిదండ్రులు, టీచర్లు కలిసి 1984లో కవాయి దీవిలో పసిపిల్లలకు ఒక బడి పెట్టారు. పేరు పూనన లేఓ. అంటే భాషల గూడు. సర్కారు నిబంధన ఇంకా వ్యతిరేకంగా ఉన్నప్పుడే పెట్టారు సుమా! 1986లో చట్టం సడలింది. 1987 నుంచి సర్కారు బడుల్లో హవాయి మాధ్యమం తరగతులు మొదలయ్యాయి. 1999లో ఆ రాష్ట్రం చార్టర్ చట్టాన్ని విస్తరించాక, హవాయి భాష, సంస్కృతుల కోసమే కొన్ని బడులు చార్టర్ తీసుకుని నిలిచాయి.

చార్టర్ చట్టం వల్ల మేలు జరిగిన చోటు ఇది. నేను దాచను. ఆ చట్టం లేకపోతే ఆ బడులకు తల ఒక్కింటికి ఇంతని సర్కారు డబ్బు వచ్చేది కాదు.

కానీ చార్టర్ అంటే ఫలితాలు చూపించాలి కదా. ఆ ఫలితాలు దేంతో కొలిచారు? ఇంగ్లీషులో తయారైన పరీక్షతో. హవాయి మాధ్యమం బడుల్లో ఇంగ్లీషు పాఠం మొదలయ్యేదే ఐదో తరగతిలో. పరీక్ష మాత్రం మూడో తరగతి నుంచే. మరి ఆ పిల్లల మార్కులు ఎలా ఉంటాయి? మధ్యలో ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్ని హవాయిలోకి తర్జుమా చేసి ఇచ్చారు. తర్జుమా ప్రశ్నపత్రం అంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు; మన సైన్సు పేపర్లో ఒక వాక్యాన్ని మూడుసార్లు చదివి, ఆఖరికి పక్కన ఉన్న ఇంగ్లీషు పేపరు చూసి అర్థం చేసుకున్న రోజులు అందరికీ గుర్తే. ఎన్నో ఏళ్ళ పోరు తర్వాత, 2014 తరువాతే, హవాయి భాషలోనే ఆలోచించి తయారుచేసిన పరీక్ష వచ్చింది.

ఆ పరీక్ష రాకముందే "మార్కులు తక్కువ, మూసేయండి" అని ఉంటే? భాషల గూడు కూలిపోయేది. కూల్చినవాళ్ళు మాత్రం చట్టప్రకారమే చేశామని చెప్పుకునేవాళ్ళు. కొలబద్ద ఇంకో భాషలో ఉన్నప్పుడు, ఫలితాలు రాకపోతే మూసేస్తాం అనడం తరాజులో రాయి పెట్టి తూచడమే.

ఇక మన సంగతి. మన రాజ్యాంగం 30వ అధికరణం మతం వల్లో భాష వల్లో మైనారిటీ అయినవాళ్ళకు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. భాషా మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఒకే తెలుగు మనిషి కుప్పంలో మెజారిటీ, హోసూరులో మైనారిటీ. బస్సు దిగగానే మనిషి మారిపోతాడు! ఈ హక్కుకు గడువు లేదు. ఐదేళ్ళకో పదిహేనేళ్ళకో రెన్యువల్ చేయించుకోనక్కర్లేదు. చార్టర్ ఎంత గొప్పదైనా ఒక ఒప్పందమే. మనది హక్కు. హక్కు ఉన్నవాళ్ళు ఒప్పందం కావాలని అడగడం ఏమిటి? సొంత ఇల్లు ఉన్నవాడు అద్దె ఇంటి కాగితాల కోసం ఎగబడినట్టు.

అయితే ఆ ఇంట్లో పొయ్యి మీదకు ఏముంది అని చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. 30వ అధికరణం రెండో భాగం ఏమంటుంది? సర్కారు సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ బడి అని తేడా చూపకూడదు అంటుంది. అంతే. సాయం ఇచ్చి తీరాలి అనదు. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు చేర్చిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం "ప్రయత్నించాలి" అంటుంది. మా అయ్యవారు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ క్రియాపదం కింద రెండు గీతలు గీయించారు. ప్రయత్నించాం, కుదరలేదు అంటే ఎవరు ఏం చేయగలరు? ప్రాథమిక దశ దాటిన మావంటి వాళ్ళకు ఆ ప్రయత్నం కూడా లేదు.

ఇంకో సంగతి చూడండి. తమిళనాడులో 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికి ఒక మెట్టు చొప్పున పెరుగుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఏ గొడవా లేదు. అంగట్లో, బస్సులో, ఆటస్థలంలో మేం మాట్లాడేది అదే. నా దగ్గరి స్నేహితురాళ్ళలో సగంమంది ఇంటిభాష అదే. గొడవ ఎక్కడంటే, పబ్లిక్ పరీక్షలో మైనారిటీ పిల్లలకు మినహాయింపు కావాలంటే కోర్టుకు పోవాల్సి రావడం. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును పొడిగించింది. ఎన్నేళ్ళకు? ఒక్క ఏడాదికి. న్యూయార్కు చార్టర్‌కు ఐదేళ్ళు, అరిజోనాలో పదిహేనేళ్ళు, మన భాష పేపరుకు ఒక ఏడాది! గడువు పెడితే బాగుపడతాం అని చప్పట్లు కొట్టినవాళ్ళు, గడువు కింద బతకడం ఎలా ఉంటుందో ఆ ఏడాది పదో తరగతి చదివిన అక్కల్నీ అన్నల్నీ అడగండి.

అమెరికా చట్టాల నుంచి మనం తీసుకోవాల్సింది ఏమీ లేదా? ఉంది. మూసేసే పేజీ కాదు, దానికి ముందున్న పేజీలు. పిల్ల ఏ బడిలో చేరితే ఆ బడికి ఇంత డబ్బు అని చట్టంలోనే రాసి ఉండడం తీసుకోవాలి. మనకు అది ఒక జీవోలో వస్తుంది, ఇంకో జీవోలో పోతుంది. కొలరాడోలో ఉన్నట్టు, కాదన్నప్పుడు పైకి అప్పీలు చేసుకునే దారి తీసుకోవాలి. ఇప్పుడు మన బడికి టీచరు పోస్టు ఇవ్వలేమంటే, ఎందుకు ఇవ్వలేరో చెప్పే కాగితం కూడా రాదు. అన్నిటికన్నా మినెసోటా మొదటి చట్టంలో ఉన్నట్టు, బడి నడిపే కమిటీలో చదువు చెప్పే టీచర్లకు ఎక్కువ కుర్చీలు ఉండాలి. మన కమిటీల్లో శిలాఫలకం మీద పేరున్నవాళ్ళు ఉంటారు. నల్లబల్ల ముందు నిలబడేవాళ్ళు ఉండరు.

ఇక పెద్దలకు ఒక మాట. చిన్నదాన్ని, కోపం తెచ్చుకోకండి. చార్టర్ బడికి పిల్లలు రాకపోతే డబ్బు రాదు, అది తప్పకుండా మూతపడుతుంది. మన బడికీ అదే వర్తిస్తుంది. పిల్లల సంఖ్య చూసే టీచర్ల పోస్టులు లెక్కగడతారు. ఉగాది సభలో మైకు పట్టుకుని "తెలుగు బడిని కాపాడుకుందాం" అన్న పెద్దమనుషుల పిల్లలు ఏ రంగు యూనిఫారం వేసుకుని ఏ బస్సు ఎక్కుతున్నారో మాకు తెలుసు. అదే రోడ్డు మీద నిలబడి మేమూ బస్సు కోసం చూస్తుంటాం కాబట్టి. ఇంగ్లీషు మీడియంలో వేయడం వాళ్ళ ఇష్టం, నేను కాదనలేను. కాలేజీ చదువు ఇంగ్లీషులోనే అని మా అమ్మా ప్రతి రాత్రీ గుర్తుచేస్తుంది. కానీ తమ పిల్లల్ని వేరే బడికి పంపి, ఇక్కడ పిల్లలు తగ్గారని విచారించి, ఆఖరికి తగ్గిన బడిని మూసేయడమే మేలని తలూపడం, ఈ మూడూ ఒకే మనిషి చేస్తే ఎలా?

హవాయిలో 1984లో గూడు కట్టినవాళ్ళు ముందు చట్టం మారాక పిల్లల్ని చేర్చలేదు. పిల్లల్ని చేర్చాక చట్టాన్ని మార్పించారు. చట్టం రెండేళ్ళ తర్వాత దారికి వచ్చింది.

మన బడిలో లెక్కల టీచరు పోస్టు పోయిన జూన్ నుంచి ఖాళీగా ఉంది. ఒక అయ్యవారే సైన్సూ లెక్కలూ చెబుతూ సాయంత్రానికి గొంతు పోగొట్టుకుంటున్నారు. ఆ పోస్టు నింపమని మా తరగతివాళ్ళం రాసిన అర్జీ హెడ్మాస్టరు గారి గది బయట బల్ల మీద ఉంది, పక్కనే దారంతో కట్టిన పెన్ను కూడా ఉంది. ఇది రాసేనాటికి 61 సంతకాలు పడ్డాయి. వాటిలో తల్లిదండ్రులవి 9.